ఎగువన ఆగిన కృష్ణా నీటి కోసం రైతు కోర్టుకు వెళ్లవచ్చా?

ప్రశ్న: పల్నాడు జిల్లాలో నాగార్జునసాగర్ కుడి కాలువ కింద చివరి భూముల రైతును. ఎగువ రాష్ట్రాలు కృష్ణా నీటిని ఆపుకోవడం వల్ల మా మేజరుకు (ప్రధాన కాలువ నుంచి చీలే పెద్ద పంపిణీ కాలువకు) నీరందడం లేదని అధికారులు చెబుతున్నారు. ఆ రాష్ట్రాలపై నేను హైకోర్టులో రిట్ వేయవచ్చా?

జవాబు: ఎగువ రాష్ట్రం నుంచి నీటి వాటా ఇప్పించమని మీరు నేరుగా దావా గాని, రిట్ గాని వేయలేరు. అంతర్రాష్ట్ర నదీ వివాదాలను కోర్టుల పరిధి నుంచి తప్పించే అధికారాన్ని రాజ్యాంగం 262వ అధికరణం పార్లమెంటుకు ఇచ్చింది. ఆ మేరకు 1956లో చేసిన నదీ జల వివాదాల చట్టం 11వ సెక్షన్ ప్రకారం, ట్రైబ్యునల్‌కు (ఇలాంటి వివాదాల కోసం కేంద్రం వేసే ప్రత్యేక న్యాయమండలికి) నివేదించదగిన వివాదాన్ని సుప్రీంకోర్టుతో సహా ఏ కోర్టూ విచారించరాదు. 3వ సెక్షన్ కింద కేంద్రానికి ఫిర్యాదు చేసే హక్కు కూడా రాష్ట్ర ప్రభుత్వానిదే. ఏ హైకోర్టుకు ఆ హైకోర్టు నీళ్లు పంచబోతే పరస్పర విరుద్ధమైన ఉత్తర్వులు వస్తాయి కనుక ఈ నిషేధం సబబేనని నా అభిప్రాయం. అయితే ట్రైబ్యునళ్లు దశాబ్దాలు సాగితే ఆ భారమంతా చివరి భూముల రైతు మీద పడటం మాత్రం అన్యాయం.

అంతమాత్రాన రైతుకు కోర్టు తలుపులు పూర్తిగా మూసుకుపోలేదు. కావేరి వివాదంలో ట్రైబ్యునల్‌ను నియమించేలా కేంద్రాన్ని ఆదేశించమని తమిళనాడు రైతుల సంఘం ఒకటి 1983లో సుప్రీంకోర్టును ఆశ్రయించింది, వారి ప్రభుత్వమూ దానికి మద్దతిచ్చింది. కోర్టు వాటాల జోలికి పోలేదు గాని, నెల రోజుల్లో ట్రైబ్యునల్ వేయాలని 1990 మేలో ఆదేశించగా, జూన్ 2న అది ఏర్పడింది.

కృష్ణా విషయంలో ఆ దశ ఎప్పుడో దాటింది. కృష్ణా జలాలపై మొదటి ట్రైబ్యునల్ అయిన బచావత్ ట్రైబ్యునల్ 75 శాతం విశ్వసనీయతతో, అంటే వందేళ్లలో 75 ఏళ్లు దొరికే నీరుగా, 2060 టీఎంసీలు లెక్కగట్టి మహారాష్ట్రకు 560, కర్ణాటకకు 700, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 ఇచ్చింది. పునరుత్పత్తి జలాలు (వాడాక తిరిగి నదిలో చేరే నీరు) వీటికి అదనం. తర్వాత వేసిన రెండో ట్రైబ్యునల్ అయిన బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్ తీర్పు గెజిట్‌లో రాకుండా 2011లో సుప్రీంకోర్టు నిలిపివేసింది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల మధ్య 2015లో 512, 299 టీఎంసీల తాత్కాలిక సర్దుబాటు జరిగింది. శాశ్వత పంపకాన్ని 2023లో కేంద్రం బ్రిజేష్ కుమార్ ట్రైబ్యునల్‌కే అప్పగించింది.

మీ కేసుకు అసలు పట్టు ఇక్కడుంది. బచావత్ కేటాయింపుల్లో సాగర్ కుడి కాలువకు 132 టీఎంసీలున్నాయి. కాలువలోకి వచ్చిన నీటిని మొదటి భూములకూ చివరి భూములకూ ఎలా పంచారన్నది అంతర్రాష్ట్ర వివాదం కాదు, మీ సొంత ప్రభుత్వ బాధ్యత. కాబట్టి 11వ సెక్షన్ అడ్డురాదు. ముందుగా సమాచార హక్కు చట్టం కింద మీ మేజరు తూముకు రోజువారీగా ఎంత నీరు వదిలారో లెక్కలు తీసుకోండి. వాటిని జతచేసి ఎగ్జిక్యూటివ్ ఇంజినీరుకు లిఖితపూర్వకంగా వినతిపత్రం ఇవ్వండి. 1997 నాటి రైతుల సాగునీటి యాజమాన్య చట్టం కింద ఏర్పడిన మీ సాగునీటి సంఘం తీర్మానం కూడా తోడైతే బలం. స్పందన లేకపోతే 226వ అధికరణం కింద హైకోర్టులో మాండమస్ (అధికారులు తమ విధి నిర్వర్తించాలనే ఆదేశం) కోరవచ్చు. పంట ఎండిపోయాక వేసిన రిట్‌లో కోర్టు ఇవ్వగలిగేది తక్కువ కనుక, ఈ కాగితాలన్నీ కాలువకు నీరు వదిలిన తొలి వారాల్లోనే సిద్ధం చేసుకోండి.