ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో రావట్లేదు

ప్రశ్న: మా బాబు ఇంటర్ సెకండియర్, ఎంపీసీ. డే స్కాలర్. వీక్లీ టెస్టులో పేపర్ చూడగానే అంతా మర్చిపోతున్నానంటాడు. ఇంటికొచ్చాక అవే లెక్కలు చకచకా చేస్తాడు. వాళ్ల నాన్నగారు బద్ధకమని తిడుతున్నారు. రాత్రి ఒంటిగంట దాకా కూర్చోబెడుతున్నా మార్కులు ఇంకా తగ్గుతున్నాయి. – ఓ తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, సగం జవాబు మీ ఉత్తరంలోనే ఉంది. ఇంటికి రాగానే చేస్తున్నాడంటే లెక్క వచ్చు. ఆ గంటలో అందట్లేదంతే.

మెదడు లోపల బాదంగింజ ఆకారంలో అమిగ్డలా అనే చిన్న భాగం ఉంటుంది. ప్రమాదాన్ని పసిగట్టడం దాని పని. ఎదురుగా ఉన్నది పామా, ప్రశ్నపత్రమా అన్నది దానికి పెద్దగా పట్టదు. అది ఉలిక్కిపడితే ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్లు పెరుగుతాయి. గుండె దడ, అరచేతుల్లో చెమట. నుదుటి వెనక ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అనే భాగం ఉంది. ఒక మెట్టు మనసులో పట్టుకుని రెండో మెట్టు ఆలోచించేది అదే. ఆ కంగారులో ముందు తడబడేదీ అదే. హిప్పోకాంపస్ అనే జ్ఞాపకాల భాగం సాయంతో దాచుకున్న పాఠాన్ని బయటికి తీయడం కూడా కష్టమవుతుంది. పైగా ఆ ముందు భాగం పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. మీవాడికి పదిహేడో పద్దెనిమిదో ఉంటాయి. దీన్ని బద్ధకమంటే నేను ఒప్పుకోను.

కాస్త టెన్షన్ ఉండాలి అంటారేమో మీవారు. నిజమే. కానీ పని కష్టమైనకొద్దీ తట్టుకోగల ఒత్తిడి తగ్గుతుందని 1908లోనే యెర్క్స్, డాడ్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు చిట్టెలుకల మీద చూశారు. మీవాడు చేసే ఇంటిగ్రేషన్ లెక్క ఎలుకల పనికన్నా తేలికేం కాదు కదా!

ముందు ఆ ఒంటిగంట చదువు మాన్పించండి. పగలు చదివింది గట్టిపడేది నిద్రలోనే. ఈ వయసుకు 8 నుంచి 10 గంటలు కావాలి. పదిన్నరకల్లా లైటు తీసేయండి. మొదటి వారం భయం మీకే ఎక్కువ వేస్తుంది, ఓర్చుకోండి.

ఆదివారం పుస్తకం మూసి, గడియారం పెట్టుకుని పాత పేపర్ రాయనివ్వండి. ఆ మార్కులు ఎవరూ అడగొద్దు. టెస్టుకు ముందు ఓ పది నిమిషాలు తన భయాన్ని కాగితం మీద పెట్టడం కొందరికి బాగా పనిచేస్తుంది. హాల్లో కళ్లు బైర్లు కమ్మితే పెన్ను పక్కన పెట్టి, ఊపిరి నెమ్మదిగా నాలుగైదుసార్లు వదిలి, వచ్చిన ప్రశ్నతోనే మొదలుపెట్టమనండి.

ఇక నాన్నగారి సంగతి. కాలేజీ నుంచి మార్కుల మెసేజ్ వచ్చిన రాత్రి ఆయన దాని ఊసెత్తకుంటే చాలు. చెప్పాల్సింది మర్నాడు టిఫిన్ దగ్గర చెప్పొచ్చు. 

బాబు తిండి మానేసినా, ఎవరితోనూ కలవకపోయినా, బతకాలని లేదన్నట్టు మాట్లాడినా మాత్రం ఆగొద్దు. డాక్టరుకు చూపించండి. మానసిక సమస్యలకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు.