వంద శాతం ఉచిత భోజనం అంటే అందరూ పేదపిల్లలేనా?

ప్రశ్న: మా అబ్బాయి వాళ్లు అమెరికాలో ఊరు మారుతున్నారు. మనవరాలిని చేర్చబోయే స్కూల్ వివరాల్లో, ఉచిత, తగ్గింపు ధర భోజనానికి అర్హులు 100 శాతం అని ఉంది. మూడేళ్ల కిందట 58 శాతమే. ఇంతలో అంత పేదరికమా అని కోడలు టెన్షన్ పడుతోంది.

జవాబు: ధైర్యం చెప్పండి. మూడేళ్లలో ఊరి ఆదాయాలు అంతలా పడిపోవు. స్కూల్ ఈమధ్య కమ్యూనిటీ ఎలిజిబిలిటీ ప్రొవిజన్‌లో చేరి ఉంటుంది. 2010 చట్టంతో వచ్చి 2014లో దేశమంతా అందుబాటులోకి వచ్చిన పద్ధతి ఇది. ఫుడ్ స్టాంపుల వంటి ప్రభుత్వ సాయం అందే ఇళ్ల పిల్లలు, ఇల్లే లేని పిల్లలు, ఇలా ముందే గుర్తించిన వాళ్లంతా కలిసి ఒక హద్దు దాటితే చాలు, ఎవరినీ ఆదాయం అడగకుండా స్కూల్ మొత్తానికీ ఉచితంగా పెట్టొచ్చు. ఆ హద్దు 40 శాతం ఉండేది, 2023లో 25కి దించారు. అంటే నలుగురిలో ఒక్కరున్నా స్కూల్ చేరొచ్చు, చాలాచోట్ల కాగితం మీద మాత్రం 100 అని పడుతుంది.

అసలు ఆ 58ని కూడా నేను పేదరికం అనను. నలుగురున్న ఇంటికి 2024-25లో ఏడాదికి 40,560 డాలర్ల వరకు ఉచితం, 57,720 వరకు తగ్గింపు ధర, అంటే భోజనానికి మహా అయితే 40 సెంట్లు. అప్పటి పేదరికపు గీత 31,200 డాలర్లే! యాభై ఏడు వేలొచ్చే ఇల్లూ పదివేలు కూడా రాని ఇల్లూ ఆ ఒక్క అంకెలోనే కలిసిపోతాయి. ఇంకోపక్క, నలుగురిలో పేదవాడినని తెలుస్తుందని, ఇంటి ఆదాయం రాసివ్వాల్సిన భోజనం ఫారం బ్యాగు అడుగునే ఉంచేసే హైస్కూల్ పిల్లలుంటారు, ఆకలి ఉన్నా వాళ్లు లెక్కకే రారు, నాకు బాధ కలిగించేది అదే.

కాబట్టి ఫారాలతో పని లేకుండా, సాయం జాబితాల నుంచి నేరుగా అర్హులైన పిల్లలు ఎంత శాతమో స్కూల్‌ని అడగమనండి. ఇంటి పరిస్థితికి అది కాస్త దగ్గరి లెక్క. ఇలాంటి స్కూళ్లలో మంచి సంగతి ఏంటంటే, అందరూ ఒకే వరుసలో ట్రే పట్టుకుని నిలబడతారు, ఎవరూ డబ్బు కట్టరు కాబట్టి పేదవాళ్లెవరో కానిదెవరో పక్కవాళ్లకి తెలియదు. ఒక్కటి మాత్రం గుర్తుంచుకోమనండి: భోజనం ఉచితమే అయినా కొన్నిచోట్ల ఆదాయం ఫారం విడిగా పంపుతారు, స్కూల్‌కి వచ్చే వేరే నిధులు దాని మీద ఆధారపడతాయి, అది నింపి ఇవ్వాలి.