ఆఫీసు నెట్‌వర్క్ మ్యాప్, నిఘా: ఏ ఓపెన్ సోర్స్ టూల్స్ వాడాలి?

మీ ప్రశ్న: రెండు అంతస్తుల ఆఫీసు, నాలుగైదు స్విచ్‌లు, ఏ కేబుల్ ఎక్కడికి వెళ్తుందో ఎవరికీ తెలియదు. ఖర్చు లేకుండా మ్యాప్ ఎలా గీయాలి, ఏదైనా ఆగిపోతే వెంటనే ఎలా తెలుసుకోవాలి?

ముందు ఎన్‌మ్యాప్‌తో మొదలుపెట్టండి. నెట్‌వర్క్‌లో ఏయే పరికరాలున్నాయో వెతికే టూల్ ఇది, 1997 నుంచి ఉంది. అదే లోకల్ నెట్‌వర్క్‌లో అడ్మిన్ హక్కులతో పింగ్ స్కాన్ (ఏ పరికరాలు ఆన్‌లో ఉన్నాయో చూసే స్కాన్) నడిపితే ఏఆర్‌పీ (ఈ ఐపీ అడ్రస్ ఎవరిదని లోకల్ నెట్‌వర్క్‌లో అడిగే పద్ధతి) ద్వారా అడుగుతుంది కాబట్టి, పింగ్‌ను బ్లాక్ చేసిన కంప్యూటర్లు కూడా బయటపడతాయి. అయితే అది పరికరాల జాబితా ఇస్తుందే గానీ, ఏది ఏ పోర్టుకు తగిలించి ఉందో చెప్పదు. యాజమాన్యం అనుమతి తీసుకున్నాకే స్కాన్ చేయండి.

అసలు మ్యాప్ కోసం నా ఓటు లిబ్రెఎన్‌ఎంఎస్ అనే నెట్‌వర్క్ నిఘా టూల్‌కే. స్విచ్‌లు ఎల్‌ఎల్‌డీపీ అనే ప్రోటోకాల్ ద్వారా తమ పక్క పరికరం పేరు, పోర్టు నంబరు ఒకదానికొకటి చెప్పుకుంటాయి. లిబ్రెఎన్‌ఎంఎస్ ఎస్‌ఎన్‌ఎంపీతో (పరికరాలను వాటి స్థితి అడిగే ప్రోటోకాల్) ఆ వివరాలు అడిగి తెచ్చి, లింకులు తనే గీస్తుంది. మామూలుగా 5 నిమిషాలకోసారి ప్రతి పోర్టు ట్రాఫిక్‌నూ నమోదు చేస్తుంది, అలర్ట్ పెట్టుకుంటే మెయిల్ పంపుతుంది. కాబట్టి స్విచ్‌లలో ఎల్‌ఎల్‌డీపీ, ఎస్‌ఎన్‌ఎంపీ రెండూ ఆన్ చేయడమే మీ మొదటి పని. ఎస్‌ఎన్‌ఎంపీ వెర్షన్ 3 ఉంటే అదే వాడండి. పాత వెర్షన్లలో పాస్‌వర్డ్‌లా పనిచేసే కమ్యూనిటీ పేరు ఎన్‌క్రిప్షన్ లేకుండా వెళ్తుంది, చాలామంది దాన్ని 'పబ్లిక్' అనే వదిలేస్తారు.

సర్వర్లు, డేటాబేస్‌లు ఎక్కువుంటే జాబిక్స్ అనే మరో నిఘా టూల్ మంచిది, కానీ నేర్చుకోవడానికి టైం పడుతుంది. అన్‌మేనేజ్డ్ స్విచ్‌లు (సెట్టింగ్‌లు మార్చే వీలులేనివి) మాత్రం ఏ టూల్‌కూ జవాబివ్వవు. వాటి కేబుళ్లకు మీరే లేబుల్ అంటించి, వివరాలు నెట్‌బాక్స్ అనే నెట్‌వర్క్ రికార్డుల టూల్‌లో రాసిపెట్టుకోవాలి.