మ్యాచ్ మధ్యలో సిస్టమ్ ఆఫ్ అవుతుంటే

వేడి వల్లే అయ్యుంటుంది బ్రదర్. మామూలు పనికి బాగుండి, వాలరెంట్ గేమ్ ఆడిన 20 నిమిషాలకే ఆఫ్ అవుతోందన్నారు కదా, ప్రాసెసర్ కాలిపోకుండా సిస్టమే ఆపేస్తుంది. మన కడప ఎండల్లో బయటే 40 డిగ్రీలు దాటుతుంది. విండోస్ మళ్లీ వేయించకండి, డబ్బు దండగ.

1. హెచ్‌డబ్ల్యూ మానిటర్ అనే, వేడి ఎంతుందో చూపించే సాఫ్ట్‌వేర్ పెట్టుకుని ఆడుతూ చూడండి. ప్రాసెసర్ వేడి 95 డిగ్రీలు దాటి 100కి చేరుతుంటే ఇదే కారణం.

2. ప్లగ్ పీకేసి సైడ్ డోర్ తీయండి. అందరూ ప్రాసెసర్ మీది ఫ్యాన్ రెక్కలు తుడిచి వదిలేస్తారు. అసలు దుమ్ము దాని కింద ఉంటుంది. ఫ్యాన్ విప్పండి, హీట్‌సింక్ (ప్రాసెసర్ వేడిని లాగే లోహపు దిమ్మ) రేకుల మధ్య దుప్పటిలా పేరుకుని గాలి ఆడనివ్వదు. నేనూ రెండుసార్లు పైపైన తుడిచాను, ఫలితం లేదు. రేకులు శుభ్రం చేశాకే తగ్గింది. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా వేలితో పట్టుకోండి.

3. హీట్‌సింక్ ఊడదీస్తే పాత థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ నుంచి హీట్‌సింక్‌కి వేడి చేరవేసే పేస్ట్) పూర్తిగా తుడిచి, బఠాణీ గింజంత కొత్తది పెట్టండి.

4. వేడి 80 లోపే ఉన్నా ఆగిపోతుంటే, వేరే ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కి కరెంట్ అందించే పవర్ సప్లై) పెట్టి చూడండి.

అప్పటిదాకా ర్యాంక్డ్ (ర్యాంక్ కోసం ఆడే) మ్యాచ్‌లు వద్దు. మధ్యలో పోతే పెనాల్టీ మీకు, ఇబ్బంది మిగతా నలుగురికి.