సముద్రగర్భ తవ్వకాల సభ్యత్వానికి కట్టే చందాతో మనకు దక్కేదేమిటి?

సముద్రం అడుగున తవ్వే అంతర్జాతీయ పరిశోధనకు మన దేశం చందా ఎందుకు కట్టాలి, తవ్వి తీసిన మట్టి ఎలాగూ చివరికి అందరికీ ఇస్తారు కదా అని హనుమకొండ విద్యార్థి ఒకరు అడిగారు. భూపాలపల్లి వైపు బొగ్గు బోర్ల కోర్లు (తవ్వేటప్పుడు గొట్టంలో కడ్డీలా బయటికొచ్చే రాయి, మట్టి నమూనాలు) పరిశీలించే ఉద్యోగం చేసి, తర్వాత సముద్రపు మట్టి మీద పరిశోధనకు వచ్చాను కాబట్టి జవాబు రాస్తున్నాను.

బొగ్గు బోరుకు ఖర్చు పెట్టేది ఒకే సంస్థ, కోర్ పెట్టెలూ దానివే. నడి సముద్రంలో అది కుదరదు. అంత లోతులో కోర్ తీయగల పరిశోధన నౌకలు ప్రపంచం మొత్తం మీద అతి తక్కువ. వాటిలో 'జోయిడెస్ రిజల్యూషన్' ఖర్చులో పెద్ద వాటా అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ భరించేది, మిగతాది సభ్య దేశాల చందా. మన వాటా ఏటా సుమారు 10 లక్షల డాలర్లు ఉండేది. భూవిజ్ఞాన మంత్రిత్వ శాఖ ఇస్తే గోవాలోని ధ్రువ, సముద్ర పరిశోధన కేంద్రం వ్యవహారం చూసేది. ఒంటరిగా కట్టుకోలేని దేశాలు జట్టు కడతాయి. ఐరోపా దేశాలు 2003లో 'ఎకార్డ్' కూటమి పెట్టుకున్నాయి, కెనడా కూడా అందులోనే చేరింది. ఆస్ట్రేలియాలో ప్రభుత్వ పరిశోధన నిధికి విశ్వవిద్యాలయాలు తమ సొమ్ము జోడించి, న్యూజిలాండ్‌తో కలిసి ఒకే సభ్యత్వం తీసుకున్నాయి.

మట్టి సంగతికి వస్తే మీరన్నది నిజమే. యాత్ర ముగిశాక ఏడాది పాటు ఆ నౌకలో వెళ్లినవారికే హక్కు, ఆ తర్వాత ఏ దేశం వారైనా ఉచితంగా అడగవచ్చు. 2014-15లో బంగాళాఖాతంలో తీసిన కోర్ల నమూనాలు నాకు అలాగే కొచ్చి నుంచి వచ్చాయి. కేరళ కొచ్చి కాదు, జపాన్‌ది! హిందూ మహాసముద్రపు కోర్లు దాచేది అక్కడే.

కాబట్టి చందాతో కొనేది మట్టిని కాదు. నౌకలో శాస్త్రవేత్తకు బెర్తు, ఎక్కడ తవ్వాలో తేల్చే కమిటీల్లో మాట. నా దృష్టిలో రెండోదే అసలు విలువ. 2015లో రుతుపవనాల చరిత్ర కోసం అరేబియా సముద్రం అడుగున లక్ష్మీ బేసిన్ అనే లోతట్టు ప్రాంతంలో తవ్వారు, ఆ యాత్ర సారథుల్లో ఒకరు భారతీయుడు. అడిగేవాడు లేకపోతే మన రుతుపవనాల చరిత్ర ఎవరికి అంత తొందర?

డబ్బుంటే నౌకనే అద్దెకు తీసుకోవచ్చు. 2006లో గ్యాస్ హైడ్రేట్ల (సముద్రం అడుగున మంచులా గడ్డకట్టి ఉండే సహజవాయువు) కోసం మన ప్రభుత్వం ఇదే నౌకను తెచ్చింది. అప్పుడు గోదావరి ముఖద్వారం ఎదుట తీసిన కోర్‌ను చదివితే, సుమారు 4,000 ఏళ్ల క్రితం నుంచి ఈ నది పరీవాహకంలో నీటి ఎద్దడికి ఓర్చే మొక్కలు పెరుగుతూ వచ్చాయని తేలింది. కాళేశ్వరం దగ్గర మనం చూసే బురద నీరు చివరికి చేరేది అక్కడికే. కానీ అద్దె ఖర్చు ప్రతిసారీ పెట్టగలిగేది కాదు.

ఇప్పుడు ఆ నౌకా లేదు. ఖర్చులు పెరిగినా భాగస్వాముల చందాలు పెరగలేదంటూ అమెరికా 2024 సెప్టెంబరుతో నిధులు ఆపింది. 2025 నుంచి జపాన్, ఎకార్డ్ కలిసి కొత్త కార్యక్రమం నడుపుతున్నాయి. పాత కోర్లు మాత్రం భద్రంగా ఉన్నాయి. మీకు ఆసక్తి ఉంటే ముందు మీ పరిశోధన ప్రశ్న ఒక పేజీలో రాసుకుని, ఏ కోర్‌లో ఏ లోతు నుంచి ఎన్ని గ్రాములు కావాలో చెబుతూ దరఖాస్తు పెట్టండి. అంతకు మించి అడిగితే ఎందుకని తిరిగి ప్రశ్నిస్తారు.