మూలం పేరు ఇచ్చినా వికీపీడియాలో నా వ్యాసాన్ని ఎందుకు తొలగించారు?

మా ఊరి గ్రంథాలయం మీద తెలుగు వికీపీడియాలో వ్యాసం రాశాను, సమాచారం తీసుకున్న స్వర్ణోత్సవ సంచిక పేరు కూడా కింద ఇచ్చాను, అయినా కాపీహక్కుల ఉల్లంఘన అంటూ మర్నాటికల్లా తొలగించారు, ఇదేం న్యాయం అని మీరు అడిగారు. న్యాయమే. ఇంత తొందరగా తేల్చేసినందుకు నొచ్చుకోకండి. 2016లో నాకు సరిగ్గా ఇదే జరిగింది, అప్పుడు నేను మీకంటే చాలా పెద్ద గొంతుతో పోట్లాడాను.

బ్యాంకు ఉద్యోగం నుంచి విరమణ పొందిన కొత్త అది. తెనాలి దగ్గరున్న మా ఊరి పేజీని వికీపీడియాలో తెరిచి చూస్తే, 2011 జనగణన ప్రకారం జనాభా ఎంత, ఇళ్ళెన్ని, పశు వైద్యశాల ఎన్ని కిలోమీటర్ల దూరంలో ఉంది అన్న లెక్కలన్నీ ఉన్నాయి గానీ, ఊరికి ఆనవాలైన శివాలయం గురించి ఒక్క ముక్క లేదు. మాకు ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పిన మాస్టారు ఆ గుడి స్థలపురాణాన్ని ముప్పై రెండు పేజీల పుస్తకంగా రాసి 1994 కల్యాణోత్సవాలకు అచ్చు వేయించారు. గులాబి రంగు అట్ట, వెల ఐదు రూపాయలు. ఆ పుస్తకాన్ని కంప్యూటరు పక్కన పెట్టుకుని, కొస మడతపడకుండా పేపర్ వెయిట్ ఆనించి, నాలుగు రాత్రులు లేఖిని అనే తెలుగు టైపింగు పరికరంలో టైపు చేశాను. ఒత్తుల దగ్గర ఆగుతూ, అరసున్న ఎలా పడుతుందో తెలియక రెండు పద్యాలు వదిలేస్తూ, మొత్తానికి పూర్తి చేసి వికీలో అతికించాను. చివర "మూలం" అని మాస్టారి పేరు, పుస్తకం పేరు శ్రద్ధగా చేర్చాను.

మర్నాడు మధ్యాహ్నానికి వ్యాసం లేదు. నా చర్చ పేజీలో ఒక నిర్వాహకుడి సందేశం మాత్రం ఉంది: ఈ పాఠ్యం కాపీహక్కులున్న పుస్తకంలోంచి యథాతథంగా తీసుకున్నదని తేలినందున తొలగించామని. ఎలా తేలిందో నాకు మొదట బోధపడలేదు, ఆ పుస్తకం అంతర్జాలంలో ఎక్కడా లేదు మరి. తరువాత తెలిసింది, పట్టించింది నేనే. ముఖపత్రం వెనుక పేజీలో మాస్టారు అచ్చు వేయించిన "సర్వస్వామ్య సంకలితము" అన్న మాటను కూడా వదలకుండా టైపు చేసి వ్యాసం మొదట్లోనే పెట్టాను. చిన్నప్పటి నుంచీ ప్రతి పాత పుస్తకంలో కనిపించే ఆ రెండు పదాలను శ్రీరామ చుట్టినట్టు ఏదో ఆచారమనుకున్నానే తప్ప, వాటికి అర్థం ఉందని ఏనాడూ ఆలోచించలేదు.

వికీపీడియాలో అందరూ చర్చించుకునే రచ్చబండ అనే పేజీకి వెళ్ళి పెద్ద ఫిర్యాదు రాశాను. మాస్టారి పేరు పెట్టానన్నాను, నాకు పైసా లాభం లేదన్నాను, మా ఊరి గుడి చరిత్ర మీద మరొకరికి హక్కేమిటన్నాను. ఈనాటికీ కొత్తవాళ్ళు ఈ మూడు వాదనలే చేస్తుంటారు, మీ ప్రశ్నలోనూ మొదటిది కనిపిస్తోంది. పక్కింటి చెట్టు మామిడికాయలు కోసుకొచ్చి, ఇవి పక్కింటివారివేనని వీధంతా చెబితే అది నిజాయితీ అవుతుందేమో గానీ అనుమతి కాదు. మూలం చెప్పడం పాఠకుడి పట్ల మన బాధ్యత, అనుమతి తీసుకోవడం రచయిత పట్ల బాధ్యత. మొదటిది చేసినంత మాత్రాన రెండోది తీరదు. లాభం మాటకొస్తే, మన 1957 నాటి కాపీహక్కు చట్టంలో సొంత అధ్యయనానికి, విమర్శకు పరిమితంగా వాడుకునే వెసులుబాట్లు ఉన్నాయి గానీ, డబ్బు తీసుకోలేదు గనుక పుస్తకం మొత్తం ప్రచురించవచ్చని ఎక్కడా లేదు. ఆ హక్కు కోసం రచయిత ఎక్కడా నమోదు చేయించుకోనక్కరలేదు కూడా. రాసిన క్షణం నుంచీ అది ఆయనదే.

మూడో వాదనలో మాత్రం కొంత పస ఉంది. గుడి ఎవరి సొత్తూ కాదు, మండపం స్తంభం మీద ఎన్నో శతాబ్దాల క్రితం చెక్కిన శాసనానికి ఇప్పుడు హక్కుదారు ఎవరూ లేరు. ఆ శాసనాన్ని చదివి, ఏ రాజు ఏ సందర్భంలో దానమిచ్చి ఉంటాడో మాస్టారు తన వాక్యాలలో అల్లిన వివరణ మాత్రం ఆయనది. భావానికి, వాస్తవానికి కాపీహక్కు ఉండదు, దాన్ని చెప్పిన తీరుకే ఉంటుంది. ఒక నాటకానికీ ఒక సినిమాకీ మధ్య వచ్చిన తగవులో, ఆర్.జి. ఆనంద్ కేసుగా పేరుపడిన 1978 నాటి తీర్పులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. వికీపీడియాకు కావలసింది వాస్తవం. నేను తీసుకెళ్ళి పోసింది మాస్టారి శైలి.

అంత పాత పుస్తకానికి కూడా హక్కులేమిటని మీరు అనుకుంటూ ఉండవచ్చు. కాగితం పసుపురంగు తిరిగిందంటే హక్కులు పోయినట్టేనని మనవాళ్ళకు ఒక గట్టి నమ్మకం. మన చట్టం కాగితాన్ని కాదు, రచయిత మరణించిన సంవత్సరాన్ని చూస్తుంది. ఆ మరుసటి ఏడాది జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్కపెట్టాలి. 1992కు ముందు ఇది 50 ఏళ్ళే. 1941లో మరణించిన రవీంద్రనాథ్ ఠాగూర్ రచనల మీద విశ్వభారతికి ఉన్న హక్కులు ముగిసిపోతున్న తరుణంలో దాన్ని మరో పదేళ్ళు పొడిగించారు. ఈ లెక్కన 1915లో పోయిన గురజాడ, 1919లో పోయిన వీరేశలింగం, 1946లో పోయిన చిలకమర్తి, 1953లో పోయిన సురవరం ప్రతాపరెడ్డి తమ జీవితకాలంలో ప్రచురించిన రచనలు మన దేశంలో సార్వజనికమైపోయాయి, అంటే ఎవరైనా వాడుకోవచ్చు. 1971లో మరణించిన జాషువా పద్యాలు 2032 దాకా, 1979లో మరణించిన చలం రచనలు 2040 దాకా, 1983లో మరణించిన శ్రీశ్రీ కవితలు 2044 దాకా ఆగవలసిందే. మా మాస్టారు 2003లో కాలం చేశారు. లెక్క మీరే వేసుకోండి.

ఇక్కడ నా పాత అక్కసు ఒకటి చెప్పక తప్పదు. ఈ విషయంలో పాఠకులను గందరగోళపరచడంలో ప్రచురణకర్తల పాలు తక్కువేమీ కాదు. పదిహేనో శతాబ్దపు పోతన పద్యాలను అచ్చు వేసి, లోపల సర్వహక్కులూ తమవేనని ముద్రించుకునేవారు ఉన్నారు. వారు రాయించుకున్న తాత్పర్యం మీద, పీఠిక మీద హక్కు ఉంటే ఉండవచ్చు, పోతన పద్యం మీద ఎవరికి ఉంటుంది? నిజంగా హక్కులున్న చోట మనం ఆ మాటను పట్టించుకోకపోవడానికి, లేని చోట కూడా దాన్ని ఇలా చల్లుకుంటూ పోవడమే కారణమని నా గట్టి అభిప్రాయం.

అనుమతి తెచ్చుకుంటే సరిపోతుందని ఎవరో సలహా ఇచ్చారు. ఊరు వెళ్ళి, ఎరువుల కొట్టు నడుపుతున్న మాస్టారి అబ్బాయిని కలిశాను. "దానికేముంది బాబాయ్, నాన్న పేరు నలుగురికీ తెలుస్తుంది" అని, బిల్లు పుస్తకంలోంచి కాగితం చింపి, "మా నాన్నగారి పుస్తకమును వికీపీడియా వారు వాడుకొనుటకు మాకు ఎట్టి అభ్యంతరము లేదు" అని రాసి, సంతకం మీద కొట్టు రబ్బరు ముద్ర కూడా వేశాడు. దాన్ని స్కాన్ చేసి అనుమతులు పరిశీలించే వాలంటీర్లకు ఈమెయిల్లో పంపాను. చెల్లదని జవాబు వచ్చింది. ముద్ర సరిగా పడలేదేమోనని బ్యాంకు బుద్ధితో ఆలోచించాను గానీ, లోపం ముద్రలో లేదు, "వికీపీడియా వారు" అన్న మాటలో ఉంది.

కొత్తవాళ్ళకు అన్నిటికంటే ఆలస్యంగా అర్థమయ్యేది ఇదే. వికీపీడియాలో పాఠ్యం క్రియేటివ్ కామన్స్ వారి సీసీ బై-ఎస్‌ఏ లైసెన్సు కింద విడుదలవుతుంది. ఇప్పుడు నడుస్తున్నది 4.0 కూర్పు. మార్పులు ప్రచురించే మీట పక్కన చిన్న అక్షరాలలో ఉండే వాక్యం చెప్పేది అదే, మనం దాన్ని బస్సు టికెట్టు వెనుక నిబంధనల్లాగా చదవకుండా దాటేస్తాం. ఆ లైసెన్సు ప్రకారం రచయిత పేరు చెప్పి, తాము చేసిన మార్పులను కూడా అదే లైసెన్సుతో విడుదల చేసే షరతు మీద, ఎవరైనా ఆ పాఠ్యాన్ని తీసుకుని మార్చుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, అమ్ముకోవచ్చు కూడా. కాబట్టి వికీపీడియా ఒక్కదానికి ఇచ్చే అనుమతి వారికి పనికిరాదు, ఇస్తే లోకానికంతటికీ ఇవ్వాలి.

రెండోసారి వెళ్ళి ఈ సంగతి అబ్బాయికి వివరించాను. యూరియా బస్తా మీద కూర్చుని అంతా విన్నాడు.

"అంటే రేపు ఎవడో దీన్ని అచ్చేసి మన గుడి ముందే యాభై రూపాయలకు అమ్ముకుంటే?"

"అమ్ముకోవచ్చు. మాస్టారి పేరు వేయాలి, అంతే."

"అందులో నాన్న రాసింది మార్చేసి అమ్మితే?"

"మార్చానని చెప్పి మార్చుకోవచ్చు."

అతను చాలాసేపు మాట్లాడలేదు. ఆ తరువాత చెప్పాడు, ప్రతి శివరాత్రికీ వాళ్ళమ్మ గుడి మెట్ల దగ్గర కూర్చుని ఆ పుస్తకాలు అమ్ముతుందని, వచ్చిన డబ్బుతో మాస్టారి తద్దినం నాడు పిల్లలకు పలకలు, పుస్తకాలు కొనిపెడుతుందని. "అమ్మ ఉన్నంతకాలం వద్దులే బాబాయ్" అన్నాడు. నా రచ్చబండ ఫిర్యాదులో, హక్కుల పేరుతో జ్ఞానాన్ని బంధిస్తున్నారని నేను రాసిన వాక్యం అప్పుడు గుర్తుకొచ్చి, ఎరువుల కొట్టులో తల ఎత్తలేకపోయాను.

ఆ తరువాత కూడా నాకు వెంటనే బుద్ధి రాలేదని ఒప్పుకోవాలి. మాస్టారు "విరాజిల్లుచున్నది" అన్నచోట "వెలుగొందుతోంది" అని, "ప్రతీతి" అన్నచోట "చెబుతారు" అని మార్చుకుంటూ, వాక్యం వెనుక వాక్యం అదే వరుసలో మళ్ళీ రాసి పెట్టాను. అదీ పోయింది, పోవలసిందే, చొక్కా మార్చినంత మాత్రాన మనిషి మారడు. తప్పు నా ఒక్కడిదే కాదని కూడా అంటాను. పాఠ్యపుస్తకం ముందు పెట్టుకుని సమాధానం ఎత్తిరాస్తే మంచి మార్కులు వేసి, సొంత మాటల్లో రాస్తే ఎర్ర సిరాతో సున్నా చుట్టిన బడులలో చదువుకున్నాం మనం. ఎత్తిరాయడమే రాయడమని పదేళ్ళు నేర్పి, అరవయ్యో ఏట ఒక్కసారిగా అది నేరమంటే ఎలా మింగుడుపడుతుంది?

మూడోసారి పుస్తకాన్ని రెండు సార్లు చదివి, ఒక కాగితం మీద వాస్తవాలు మాత్రం పొడిమాటల్లో రాసుకుని, పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేశాను. శాసనం ఏ స్తంభం మీద ఉంది, పునఃప్రతిష్ఠ ఎప్పుడు జరిగింది, కల్యాణం ఏ తిథినాడు చేస్తారు, ధ్వజస్తంభం ఎవరి కాలంలో మార్చారు. ముప్పై రెండు పేజీలలోంచి విజ్ఞాన సర్వస్వానికి పనికొచ్చేది పద్నాలుగు వాక్యాలు తేలింది. మిగిలినదంతా మాస్టారి భక్తి, మాస్టారి తెలుగు. దానికి చోటు ఆ గులాబి అట్టల మధ్యే. ఆ పద్నాలుగు వాక్యాలకూ ఆ పుస్తకాన్నే మూలంగా చూపించాను, దానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఆ వ్యాసాన్ని ఇంతవరకు ఎవరూ తొలగించలేదు. బొమ్మకు కూడా వాట్సాప్‌లో తిరుగుతున్న గోపురం ఫోటోను పెట్టకుండా, నా ఫోనుతో నేనే తీసి, వికీపీడియా బొమ్మలు దాచే కామన్స్‌లో చేర్చాను. గూగుల్లో కనిపించింది గనుక అందరిదీ అనుకునేవారి బొమ్మలు అక్కడ నిలవవు.

ఎప్పుడైనా మీరు ఏదైనా పత్రిక నుంచి తీసుకున్నారని ఎవరైనా ఆరోపిస్తే మాత్రం తేదీలు చూసుకోండి. నా పద్నాలుగు వాక్యాలలో ఆరింటిని ఒక దినపత్రిక జిల్లా పేజీలో, వికీపీడియా పేరైనా ఎత్తకుండా, శివరాత్రి ప్రత్యేక కథనంగా వేసుకుంది. ఏడాది తరువాత ఒక కొత్త సభ్యుడు వచ్చి, నేనే ఆ పత్రిక నుంచి కాపీ చేశానని వ్యాసం పైన మూస (హెచ్చరిక పట్టీ) తగిలించి వెళ్ళాడు. వ్యాసం చరిత్రలో ప్రతి మార్పుకూ తేదీ, సమయం ఉంటాయి కాబట్టి బతికిపోయాను.

నిర్వాహకుల మీద కూడా నాకు ఒక ఫిర్యాదు ఉంది. స్వాగత సందేశంలో ఇన్ని లింకులు కుమ్మరించే బదులు, అచ్చులో ఉన్నది ఎత్తిరాయకండి అని ఒక్క వాక్యం పైన రాస్తే కొత్తవాళ్ళలో సగం మంది మిగులుతారు. ఇది నేను అక్కడ చాలాసార్లు చెప్పాను, ఇంకా చెబుతూనే ఉన్నాను.

మీ శ్రమ పూర్తిగా పోలేదు. తొలగించిన పాఠ్యం నిర్వాహకులకు కనిపిస్తూనే ఉంటుంది. తొలగించిన వారి చర్చ పేజీలో మర్యాదగా అడిగితే ఈమెయిల్లో పంపవచ్చు, నాకు అలాగే పంపారు. దాన్ని పక్కన పెట్టుకుని కాదు, ఒకసారి చదివి మూసేసి, మీ ప్రయోగశాలలో, అంటే వికీపీడియాలో మీ చిత్తుప్రతుల పేజీలో, మొదలుపెట్టండి. నా ఫైలు, అరసున్నలు లేని ఆ రెండు పద్యాలు మినహా, ఇప్పటికీ భద్రంగా ఉంది. మన చట్టం ప్రకారం మాస్టారి పుస్తకానికి 2064 జనవరి 1న స్వేచ్ఛ వస్తుంది. వికీ సర్వర్లు అమెరికాలో ఉన్నందున అక్కడి చట్టాన్నీ చూడాలి, అక్కడ మరణానంతరం 70 ఏళ్ళు గనుక మరో పదేళ్ళు కలుపుకోవాలి. 2074లో దాన్ని, హక్కులు తీరిన పుస్తకాలు చేర్చే వికీసోర్స్‌లో చేర్చమని తొమ్మిదేళ్ళ మా మనవరాలికి చెప్పి, ఫైలు ఎక్కడుందో చూపించి పెట్టాను. అరసున్న ఎలా కొట్టాలో అప్పటికి తను నేర్చుకుంటానంది.