టెక్ సందేహాలు: మన లినక్స్‌లో దొడ్డిదారి ఉందా?

ప్రశ్న: మాది పలాస. మా జీడిపప్పు ఫ్యాక్టరీ లెక్కలన్నీ లినక్స్ మింట్ 22 ఆపరేటింగ్ సిస్టమ్ ఉన్న లాప్‌టాప్‌లోనే ఉన్నాయి. మొన్న మా మేనల్లుడు అది చూసి, ‘మావయ్యా, ఇందులో ఎక్స్‌జెడ్ 5.6.1 ఉంది. బ్యాక్‌డోర్, అంటే దొంగచాటుగా లోపలికి వచ్చే దొడ్డిదారి, దొరికిన వెర్షన్ ఇదే’ అన్నాడు. అప్పట్నుంచి టెన్షన్‌గా ఉంది. ఇలా కోడ్ అందరికీ తెరిచి ఉండే ఓపెన్ సోర్స్‌ను నమ్మొచ్చా?

జవాబు: ముందు టెన్షన్ పక్కన పెట్టి, మీ మేనల్లుడు చూసిన నంబర్‌ను చివరిదాకా చదవండి. ‘5.6.1+రియల్లీ5.4.5’ అని ఉంటుంది. పైన పేరు 5.6.1 గానీ లోపల ఉన్నది పాత 5.4.5. అప్‌డేట్లలో ప్యాకేజీ నంబర్ పెరగాలే తప్ప తగ్గకూడదు, తగ్గితే సిస్టమ్ దాన్ని కొత్తదిగా తీసుకోదు. అందుకే బ్యాక్‌డోర్ బయటపడ్డాక పాత కోడ్‌కు వెనక్కి వెళ్తూ డెబియన్, ఉబుంటు అనే లినక్స్ రకాలను తయారుచేసే వాళ్లు ఇలా పేరు పెట్టారు. మీ మింట్ 22కు పునాది ఉబుంటు 24.04, ఆ పేరు అక్కడి నుంచే వచ్చింది. టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) ఎక్స్‌జెడ్‌ను వెర్షన్ అడిగి చూడండి, 5.4.5 అనే చెబుతుంది.

అయినా కుర్రాడి భయం ఊరికే వచ్చింది కాదు. ఎక్స్‌జెడ్ అనేది ఫైళ్లను కుదించే చిన్న ప్రోగ్రామ్. దాదాపు ప్రతి లినక్స్‌లోనూ ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని ఒక్క మనిషే, జీతం లేకుండా, తీరిక వేళల్లో చూసుకున్నాడు. 2021 నుంచి జియా టాన్ అనే పేరుతో ఎవరో సాయానికి వచ్చారు. ఓపిగ్గా మంచి పని చేసి, నమ్మకం సంపాదించి, చివరికి కొత్త వెర్షన్లు విడుదల చేసే అధికారం కూడా పొందారు. ఆ పేరు వెనుక ఉన్నదెవరో నేటికీ తేలలేదు.

వ్యాపారి కాబట్టి ఆ మోసం మీకు ఇట్టే అర్థమవుతుంది. శాంపిల్ చూపించిన బస్తా వేరు, లారీకెక్కిన బస్తా వేరు. బ్యాక్‌డోర్ కోడ్‌ను టెస్ట్ ఫైళ్లలో దాచారు. దాన్ని బయటికి తీసి ప్రోగ్రామ్‌లో కలిపే స్క్రిప్ట్ మాత్రం అందరూ చూసే సోర్స్ కోడ్‌లో లేదు, విడుదల చేసిన ప్యాకెట్‌లో మాత్రమే ఉంది. 5.6.0, 5.6.1 రెండూ అలా వచ్చినవే. దొరక్కపోయి ఉంటే, దూరం నుంచి సర్వర్లలోకి లాగిన్ అయ్యే ఎస్‌ఎస్‌హెచ్ ద్వారా దాని తాళంచెవి ఉన్నవాళ్లు లోపలికి వచ్చేసేవారు.

ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీర్ దాన్ని పట్టుకున్నారు. ఎక్స్‌జెడ్ ఆయన ప్రాజెక్టు కాదు. తన టెస్ట్ మెషీన్‌లో లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించారు. అర సెకనే కదా అని వదిలేయకుండా, ఆ ఆలస్యం ఎక్కడ మొదలవుతోందో తవ్వుకుంటూ పోయి 2024 మార్చి 29న ప్రపంచానికి చెప్పారు. అప్పటికి అది డెబియన్ టెస్టింగ్, ఫెడోరా ప్రయోగ వెర్షన్ల లాంటి వాటికే చేరింది. ఎక్కువమంది వాడే స్థిరమైన వెర్షన్లలోకి ఇంకా రాలేదు.

ఓపెన్ సోర్స్‌ను నేను మాత్రం నమ్ముతాను. ఫ్రాయిండ్ వేరే ప్రాజెక్టు మనిషై ఉండి కూడా అడుగుదాకా తవ్వగలిగారంటే అది తెరిచి ఉన్న కోడ్ కాబట్టే. కానీ ‘ఎవరైనా చూడొచ్చు’ అంటే ‘ఎవరో చూసేశారు’ అని కాదు. ఇంతమంది బతుకుతెరువు ఆధారపడిన పనిని ఒక్క మనిషి మీద వదిలేశామన్నదే నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి. మీరు లెక్కలున్న లాప్‌టాప్‌లో ఎల్‌టీఎస్ (ఎక్కువ ఏళ్లు అప్‌డేట్లు అందే) వెర్షనే ఉంచండి, అప్‌డేట్లు ఆపకండి, లెక్కల కాపీ ఒకటి వేరే డిస్క్‌లో పెట్టుకోండి.

ప్రశ్న: ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఎఫ్‌బీఐ బ్యాక్‌డోర్ పెట్టించిందని విన్నాను. నిజమేనా? (రాజాం నుంచి)

జవాబు: ఆరోపణ వచ్చిన మాట నిజం. 2010 డిసెంబర్‌లో ఒక పాత పరిచయస్తుడు ఆ ప్రాజెక్టు పెద్ద థియో డి రాట్‌కు ఈమెయిల్ రాశాడు. పదేళ్ల కిందట నెట్‌వర్క్ రహస్యాలు కాపాడే ఐపీసెక్ కోడ్‌లో అలాంటివి పెట్టించారన్నది దాని సారాంశం. ఆయన దాన్ని దాచుకోలేదు. ఆరోపణకు గురైనవాళ్లు సమాధానం చెప్పుకోవాలి, వాడేవాళ్లు కోడ్ చూసుకోవాలి అంటూ ఉత్తరం మొత్తాన్ని అందరి ముందూ పెట్టేశారు. వెతికితే కొన్ని బగ్స్ దొరికాయి, సరిచేశారు. బ్యాక్‌డోర్ మాత్రం దొరకలేదు. అనుమానం వచ్చినప్పుడు ఇలా ప్రవర్తించేవాళ్లంటే నాకు గౌరవం.

ప్రశ్న: ఫ్రెండ్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన మింట్ ఐఎస్‌ఓ ఫైల్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవచ్చా? (బొబ్బిలి నుంచి ఒక డిగ్రీ విద్యార్థి)

జవాబు: సరిచూసుకోకుండా వద్దు. 2016 ఫిబ్రవరిలో మింట్ వెబ్‌సైట్‌లోకే హ్యాకర్లు చొరబడి, 17.3 సినమన్ వెర్షన్ డౌన్‌లోడ్ లింకును బ్యాక్‌డోర్ ఉన్న ఫైల్‌కు తిప్పేశారు. విండోస్‌లో అయితే పవర్‌షెల్ తెరిచి, గెట్-ఫైల్‌హ్యాష్ కమాండ్ పక్కన ఫైల్ పేరు ఇవ్వండి. ఆ ఫైల్‌కు వేలిముద్ర లాంటి 64 అక్షరాల వరుస వస్తుంది. మింట్ సైట్‌లో ఆ వెర్షన్‌కు ఇచ్చిన వరుసతో పోల్చండి. సైట్‌నే మార్చేసే ప్రమాదం ఉంది కాబట్టి, పక్కనే ఉండే జీపీజీ సంతకాన్ని (ఆ వరుస మింట్ వాళ్లు ఇచ్చిందేనని చూపే డిజిటల్ ముద్రను) కూడా సరిచూస్తే ఇంకా మంచిది. ఇంగ్లిష్ పెద్ద, చిన్న అక్షరాల తేడాను పట్టించుకోనక్కర్లేదు గానీ, అది కాక ఒక్క అక్షరం తేడా వచ్చినా ఆ ఫైల్ తీసేసి కొత్తది దింపుకోండి. మీ ఫ్రెండ్‌కు కూడా వెంటనే చెప్పండి, అతని లాప్‌టాప్‌లో ఇప్పటికే నడుస్తున్నది అదే ఫైల్ కావచ్చు.